సంపెంగ పూయట్లేదా? ఆకు పాలిపోతోందా?

కాంపౌండ్ గోడ చాటున, ఈదురుగాలి తగలని చోట సంపెంగ హాయిగా పెరుగుతుంది. ఏడాదంతా పచ్చగా ఉండి, ఎండాకాలం నుంచి వానల దాకా పూస్తుంది. తీరా ఆ గోడే ఒక్కోసారి తలనొప్పి తెస్తుంది.

లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన
ఇది ఇనుప ధాతు లోపం. చాలాసార్లు నేలలో ఇనుము ఉంటుంది, సున్నం ఎక్కువై వేరుకు అందదు. ఇల్లు కట్టినప్పుడు గోడ వారన పూడ్చేసిన సిమెంటు పెళ్లలు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు దీనికి కారణం. ఆకు పాలిపోగానే యూరియా వేసేస్తుంటారు, దాంతో ఈ జబ్బు తగ్గదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. పది రోజులకోసారి, రెండు మూడు సార్లు చాలు. పాత ఆకుల్ని చూసి టెన్షన్ పడొద్దు, కొత్త చిగురు పచ్చగా వస్తే మందు పట్టినట్టే. అన్నట్టు, ఆ నీళ్లు గచ్చు మీద పడితే తుప్పు మరక ఓ పట్టాన పోదు, కింద గోనెపట్టా పరవండి. వీలైతే పెళ్లలు ఏరేసి, బాగా చివికిన పశువుల ఎరువు వేయండి.

ముదురాకులు రాలడం
కొత్త చిగురు వేసేటప్పుడు కొన్ని రాలడం మామూలే. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి గుత్తులుగా రాలుతుంటే వేరు కుళ్లుతోంది. రెండంగుళాలు వేలు దించి చూసి, ఆరితేనే నీళ్లు పోయండి.

ఆకు అంచులు మాడడం
వడగాలి, దానికి తోడు పడమటి ఎండకు కాలిన గోడ సెగ. మొదటి రెండు వేసవులు గ్రీన్ నెట్ కట్టండి. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం ఆనించొద్దు.

ఏపుగా ఉంది, పువ్వు లేదు
గింజ మొక్క అయితే ఏడెనిమిదేళ్లు ఆగాల్సిందే. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. అంటు మొక్కే అయినా పూయకపోతే, అంటు కట్టిన చోటుకు కింద నుంచి కొమ్మ లేచిందేమో చూసి మొదలంటా కోసేయండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. మొగ్గలు ఆకుల మొదళ్లలో వస్తాయి కాబట్టి వేసవి ముందు కత్తిరింపు పెట్టుకోవద్దు, పూత అయ్యాకే చేయండి.

ఆకు మీద మసి, కొమ్మ మీద చీమలు
పొలుసు పురుగు పని. కొమ్మకు అంటుకున్న పొలుసుల్ని పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి రుద్దేయండి. తర్వాత లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టండి. చీమల బారు ఆగలేదంటే పురుగు ఇంకా ఉన్నట్టే, కొమ్మల అడుగు వైపు మళ్లీ వెతకండి.