అమెరికాలో ఎమ్మెస్: అసైన్‌మెంట్లలో మార్కులు పోగొట్టుకోకుండా ఉండాలంటే

బీటెక్‌లో అసైన్‌మెంట్లు ఎలా నడుస్తాయో మనందరికీ తెలుసు. ఒకరు రాస్తే క్లాసంతా చూసి రాసుకుంటుంది, సార్ సంతకం పెడతారు, అయిపోతుంది. అసలు మార్కులన్నీ ఎండ్ సెమ్‌లోనే కాబట్టి పెద్దగా నష్టం ఉండదు. ఎమ్మెస్‌కి వచ్చాక కొంప ముంచేది ఆ అలవాటే. ఇక్కడ చాలా కోర్సుల్లో గ్రేడులో పెద్ద భాగం హోమ్‌వర్కులు, ప్రాజెక్టుల మీదే ఆధారపడి ఉంటుంది. పైగా చాలా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థి జీపీఏ (4కి లెక్కించే సగటు గ్రేడు) 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెడతారు. చివరి పది రోజులు నిద్ర మానుకుని చదివినా, సెప్టెంబర్‌లో పోయిన మార్కులు డిసెంబర్‌లో తిరిగి రావు.

మొదటి వారంలోనే ప్రతి కోర్సు సిలబస్ మొత్తం చదవండి. అందులో పాఠాల జాబితా ఒక్కటే ఉండదు. దేనికి ఎంత శాతం, ఆలస్యమైతే రోజుకు ఎంత కోత, పొడిగింపు ఎలా అడగాలి, చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా లేదా, అన్నీ అక్కడే రాసి ఉంటాయి. ఏఐ విషయంలో ఒక ప్రొఫెసర్ ఒప్పుకున్నది ఇంకో ప్రొఫెసర్ ఒప్పుకోరు, కాబట్టి రూమ్మేట్ చెప్పింది నమ్మి వాడేయకండి. గడువు తేదీలన్నీ ఒకే క్యాలెండర్‌లో వేసుకుంటే ఏ వారం మూడు కోర్సుల పని మీద పడుతుందో ముందే తెలుస్తుంది.

తర్వాత రూబ్రిక్, అంటే ఏ భాగానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక. ఉదాహరణకు 100 మార్కుల రిపోర్టులో పద్ధతికి 30, ఫలితాల విశ్లేషణకు 40, కోడ్‌కి 20, రాసిన తీరుకు 10 అని ఉందనుకోండి. మనవాళ్లు ఎక్కువమంది కోడ్ మీద వారమంతా కూర్చుని, విశ్లేషణ ఆఖరి గంటలో నాలుగు లైన్లు రాసి పెడతారు. కోడ్ బ్రహ్మాండంగా నడుస్తుంది, గ్రేడు మాత్రం బీ దగ్గర ఆగిపోతుంది. గ్రాఫ్ పెట్టి వదిలేయకుండా ఆ గీత అక్కడ ఎందుకు పడిపోయిందో, డేటాలో ఏం జరిగి ఉంటుందో, ఇంకోలా చేస్తే ఏమవుతుందో రాయండి. నలభై మార్కులు దానికే.

కాపీ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. సీనియర్ల డ్రైవ్ లింకులు ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి, తీసుకోకండి. కోడ్ పోలికలు పట్టడానికి 1994 నుంచి మాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది కోడ్ నిర్మాణాన్ని పోల్చి చూస్తుంది కాబట్టి వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా, ఫంక్షన్లు పైకీ కిందికీ జరిపినా దొరికిపోతారు. రిపోర్టుల్లో కాపీ పట్టడానికైతే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పట్టుబడితే ఆ అసైన్‌మెంట్‌కి సున్నా నుంచి కోర్సులో ఎఫ్ దాకా రావచ్చు, ఇంకా తీవ్రమైతే సస్పెన్షన్, అప్పుడు వీసా స్టేటస్ కూడా ప్రమాదంలో పడుతుంది. ఇచ్చినవాళ్లను కూడా చాలాచోట్ల తీసుకున్నవాళ్లతో సమానంగానే చూస్తారు, కాబట్టి ఫ్రెండ్ బతిమాలినా ఫైల్ పంపకండి. పక్కన కూర్చుని లాజిక్ వివరించడం వేరు, అది కూడా సిలబస్ ఒప్పుకుంటేనే.

అర్థం కాకపోతే ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు తీర్చడానికి ప్రొఫెసర్, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) కూర్చునే గంటలకి, వెళ్లండి. సార్‌ని అడిగితే ఏమనుకుంటారో అనే భయం మనకు చిన్నప్పటి నుంచీ ఉంది, కానీ ఇక్కడ ఆ టైమ్ మీకోసమే కేటాయించింది, చాలాసార్లు ఎవరూ రాక ఖాళీగా ఉంటుంది కూడా. ఊరికే 'అర్థం కాలేదు' అనకుండా 'మూడో ప్రశ్నలో ఇక్కడిదాకా వచ్చాను, ఈ స్టెప్‌లో ఎర్రర్ తగ్గడం లేదు, ఇవి ప్రయత్నించాను' అని చూపించండి. టీఏ మీ దారిలోనే ముందుకు తీసుకెళ్తారు. దీనికోసం అసైన్‌మెంట్ ఇచ్చిన రెండు మూడు రోజుల్లోనే మొదలుపెట్టి ఉండాలి, గడువు ముందు రోజు వెళితే బయట క్యూ ఉంటుంది.

సబ్మిట్ చేసేటప్పుడు రాత్రి 11:59 దాకా ఆగొద్దు. కాన్వాస్‌లో (అసైన్‌మెంట్లు సబ్మిట్ చేసే కోర్సు వెబ్‌సైట్) పెట్టిన ఫైల్‌ని మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూసుకోండి. ఆన్‌లైన్‌లో మార్కులు వేసే గ్రేడ్‌స్కోప్ అయితే ఏ ప్రశ్నకు ఏ పేజీ అనేది గుర్తు పెట్టడం మర్చిపోకండి. మార్కులు తప్పుగా పడ్డాయనిపిస్తే గడువులోపు రీగ్రేడ్ (మళ్లీ దిద్దమని) అడగండి, ఏ రూబ్రిక్ పాయింట్‌కి మీ జవాబులో ఏ లైన్ సరిపోతుందో మర్యాదగా చూపిస్తే చాలు.

జ్వరమో, ఇంటి దగ్గర ఏదైనా ఇబ్బందో ఉంటే గడువు దాటకముందే మెయిల్ పెట్టండి. కోర్సు అసలు నడవట్లేదని అర్థమైతే మాత్రం తొందరపడి డ్రాప్ నొక్కకండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఫుల్ టైమ్ లోడ్, అంటే చాలాచోట్ల సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, నిలబెట్టుకోవాలి. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ డీఎస్‌ఓతో (విద్యార్థుల వీసా స్టేటస్ చూసే యూనివర్సిటీ అధికారి) మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే పోర్టల్ తెరవండి.