గుడారంలోకి బొగ్గుల కుంపటి తేవద్దు
మాఘమాసపు చలిలో మేడారం జాతరకు వెళ్లి గుడారాల్లో రాత్రి గడిపేవారు, లక్నవరం చెరువు ఒడ్డున బస చేసేవారు కుంపటిని గానీ, గ్యాస్ పొయ్యిని గానీ లోపల వెలిగించకూడదు. మంట ఆరిపోయి బూడిద కింద ఎర్రగా మెరిసే బొగ్గులతోనే భయమెక్కువ. పొగ లేదు కదా అని వాటిని లోపలికి తెచ్చుకుంటారు, కానీ వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, పైగా అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గుడారం తలుపు కాస్త తెరిచి ఉంచితే సరిపోదు. వంట బయటే ముగించి, నిప్పులపై నీళ్లు పోసి, చలికి దుప్పట్లనే నమ్ముకోవాలి. ఇంజన్ ఆపకుండా కారులో నిద్రపోకూడదు. ఒకేచోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే, ప్రయాణ బడలిక అని సరిపెట్టుకోకుండా అందరినీ వెంటనే ఆరుబయటికి తీసుకువచ్చి 108కు ఫోన్ చేయాలి.