1612 నాటి వర్జీనియా మ్యాపును నదుల వెంబడి చదవడం ఎలా

ఇంగ్లీషువాళ్ళ పాత మ్యాపుల్లో మన కడప 'కుడ్డప' అని, పెన్న 'పెన్నార్' అని కనిపిస్తాయి కదా, అలా చెవికి విన్నది విన్నట్టు రాసుకున్న పేర్లే అమెరికా పాత మ్యాపుల నిండా ఉంటాయి. మొదటిసారి చూసేవాళ్ళకు నేను ఇంగ్లీషు అన్వేషకుడు జాన్ స్మిత్ చేసిన వర్జీనియా మ్యాపే చెప్తాను. 1608లో చిన్న పడవ వేసుకుని అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ అఖాతం చుట్టి వచ్చి చేసిన మ్యాపు అది, 1612లో అచ్చయింది. అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అన్నిటికన్నా పెద్ద ఫైలే దించుకోండి, చిన్నదాంట్లో అక్షరాలు అలుక్కుపోతాయి.

తెరవగానే సముద్రం కింద కనబడుతుంది, కంగారు పడకండి. ఈ మ్యాపులో పడమర పైకి, ఉత్తరం కుడిచేతికి ఉంటాయి. ఫోన్‌లో బొమ్మను ఎడమకు ఒక్కసారి తిప్పితే ఇప్పటి మ్యాపు పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక నదులు. పేరు చివర 'ఫ్లు' అని ఉంటే అది లాటిన్‌లో నది అనే మాటకు పొట్టి రూపం. 'పౌహటాన్ ఫ్లు' అంటే ఈనాటి జేమ్స్ నది, 'పటావొమెక్' అంటే పొటోమాక్. జేమ్స్ అనేది ఇంగ్లండు రాజు పేరు, పౌహటాన్ అక్కడి జనం పేరు, అందుకే నాకు ఆ పాత పేరు పైకి చదువుకోవడమే ఇష్టం.

అన్నిటికన్నా ముఖ్యమైనవి నదుల మీద కనిపించే చిన్న చిన్న శిలువ గుర్తులు. అక్కడిదాకా తాము చూసింది, ఆపైన ఉన్నదంతా స్థానికులు చెప్పగా విన్నది అని మ్యాపులోనే రాసి ఉంది. సిద్ధవటం నుంచి గండికోట దాకా పెన్న వెంట నడిచినవాడు, ఆ పైన ఏముందో అక్కడి రైతులను అడిగి నంది కొండల దాకా గీశాడనుకోండి, అచ్చం అలాగే. కాబట్టి జిరాక్స్ షాపులో ఏ3 సైజులో ప్రింటు తీయించి, ప్రతి శిలువ దగ్గరా ఎర్ర పెన్నుతో అడ్డగీత పెట్టండి. గీతకు ఇవతల ఉన్న వంపులను ఇప్పటి మ్యాపుతో పోల్చండి, అవతల ఉన్నవాటిని ఆ మనుషుల మాటగా చదవండి. ఈ పని తొందరగా చేయొద్దు, ఒక్క నదికి ఒక సాయంత్రం పట్టినా పర్వాలేదు.

దూరాలు కొలిచేటప్పుడు స్కేలు లీగుల్లో ఉందని మర్చిపోవద్దు, లీగు అంటే సుమారు మూడు మైళ్ళు. తూర్పు పడమరల కొలతలు తేడా వస్తే ఆశ్చర్యం లేదు, రేఖాంశాన్ని సరిగ్గా లెక్కగట్టే గడియారాలు 18వ శతాబ్దంలో గానీ రాలేదు.

ఇళ్ళ గుర్తులు కూడా రెండు రకాలు, నాయకుడు ఉండే ఊరికి ఒకటి, మామూలు ఊరికి ఒకటి. ఆ ఊళ్ళను ఒడ్డు వెంట లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. తర్వాత అదే ప్రాంతానికి అగస్టీన్ హెర్మన్ చేసిన, 1673లో అచ్చయిన మ్యాపు తీయండి, అందులోనూ పడమరే పైన ఉంటుంది. అవే ఒడ్ల మీద ఈసారి వలసవచ్చినవాళ్ళ తోటల ఇళ్ళు వరుసగా కనిపిస్తాయి.