కథలో కావాలని కాలం తప్పించడం ఎలా?

పెన్నా ఒడ్డున, నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కాలంలో జరిగే కథ రాస్తున్నారనుకుందాం. ఓ పశువుల కాపరి చెట్టు కింద కూర్చుని చుట్ట ముట్టించాడు. ఇది తప్పు. మనుమసిద్ధిది 13వ శతాబ్దం, పొగాకు పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి వచ్చింది ఆ తర్వాత ఎప్పటికో. అదే కాపరిని కోట గుమ్మం దగ్గర ఆపి భటుడు “సర్వర్ పనిచెయ్యడం లేదు, రేపు రా” అన్నాడు. ఇది రచయిత తెలిసి చేసిన పని. ఇలా ఆ కాలానికి చెందనిది కథలోకి రావడాన్ని విమర్శకులు కాలవ్యతిక్రమం అంటారు. ఆ కాలంలో లేనివి రెండూ చేరాయి కథలోకి. ఒకటి రచయిత కన్నుగప్పి దూరింది, రెండోదాన్ని రచయితే పిలిచాడు. ఆ సంగతి పాఠకుడికి తెలిసిపోవాలి.

1. ముందు ఏడాది ఖాయం చేసుకోండి

“పూర్వం” అంటే సరిపోదు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట గెలిచిన రోజులా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ రోజులా? మన దేశంలో సెల్‌ఫోన్లు మొదలైంది 1995లో. కాబట్టి దూబగుంట కథలో పొరపాటున కూడా సెల్ మోగకూడదు.

2. తెలియక దూరినవాటిని ఏరేయండి

సగం శ్రమ ఇక్కడే పెట్టాలంటాను. వంటింటితో మొదలుపెట్టండి. తిక్కన కాలపు బెస్తవాళ్ల ఇంట్లో చేపల పులుసు కాగుతుంటే చింతపండు, మామిడికాయ ముక్కలు ఉండొచ్చు. కారానికి మాత్రం మిరియాలే. మిరపకాయ, టమాటా రెండూ పోర్చుగీసువాళ్లు వచ్చాకే మనకు తెలిశాయి.

తర్వాత ఊళ్లు, జిల్లాలు. 1960లో ఒంగోలు కుర్రాడు “మాది ప్రకాశం జిల్లా” అనలేడు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంది, కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో.

డబ్బు దగ్గర కొంచెం ఆలోచించాలి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, అంతకుముందు రూపాయికి 16 అణాలు. అయితే 1970 నాటి కథలో అవ్వ “అణా” అంటే కొట్టేయకండి. పాత మాట జనం నోట్లోంచి అంత తేలిగ్గా పోదు, పావలా మనం ఇంకా అంటూనే ఉన్నాం కదా!

3. ఒక్కటే ఎంచుకోండి, దానికి పని చెప్పండి

“ఇది తీసేస్తే కథకేం నష్టం?” అని అడగండి. నష్టం లేకపోతే తీసేయడమే. కాటమరాజు కథలో కరువుకు పశువుల్ని తోలుకొచ్చిన కాపరులకూ నెల్లూరు సిద్ధిరాజుకూ పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గరే తగాదా ముదిరి యుద్ధమవుతుంది. ఆ కాలం మీద మన కాపరి కథ ఇలా రాయొచ్చు:

కాపరి పంచె కొంగున ముడేసిన మాడలు విప్పి చూపించాడు.
“పుల్లరి తెచ్చాను సామీ. ఈ పూటకు పశువుల్ని మడుగులోకి దిగనియ్యండి.”
భటుడు తల ఎత్తలేదు. “సర్వర్ పనిచెయ్యడం లేదు, రేపు రా.”
“రేపటికి దూడలు బతకవు సామీ.”
“రేపు రమ్మన్నానా!”

ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు, రచయిత ఏమీ వివరించలేదు. మాడలు, పుల్లరి, మడుగు అన్నీ ఆ కాలానివే కాబట్టి ఆ ఒక్క మాట గట్టిగా తగులుతుంది. అలాంటి ఆఫీసు కిటికీ ముందు మనమూ నిలబడి వచ్చినవాళ్లమే.

టైమ్ మెషీన్ ఎక్కి వెనక్కి వెళ్లే కథలు వేరే సంగతి. అక్కడ కొత్త వస్తువు ఎలా వచ్చిందో కథే చెబుతుంది.

4. మొదటి పేజీలోనే చూపించండి

పది పేజీలు పద్ధతిగా నడిపి, పదకొండో పేజీలో సర్వర్ తెస్తే రచయిత పొరబడ్డాడనే అనుకుంటారు. మొదట్లోనే పెట్టి, కాసేపటికి మళ్లీ తేవాలి. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో గడియారం మూడు కొడుతుంది. సీజర్ నాటి రోమ్‌లో ఉన్నవి నీడ గడియారాలు, నీటి గడియారాలే, గంటలు కొట్టేవి లేవు. కావాలనే పెట్టాడా, పట్టించుకోలేదా అని పాఠకులు ఇంకా వాదించుకోవచ్చు. కొత్తగా రాసేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

5. ఒక నియమం పెట్టుకోండి

ఈనాటి మాటలు అధికారం ఉన్నవాళ్ల నోట్లోనే రావాలి, కాపరుల నోట్లో రాకూడదు అనుకోండి. అప్పుడు రెండు వర్గాల మధ్య గోడ ఒక్క వివరణా లేకుండా లేచి నిలబడుతుంది. కథ చివర్లో కాపరి కొడుకు కోటలో కొలువుకి కుదిరి, మడుగు దగ్గరికొచ్చిన సొంతవాళ్లతో “సర్వర్ పనిచెయ్యడం లేదు” అంటే? నియమం అక్కడ ఒక్కచోటే తప్పాలి. నాకు ఈ ప్రక్రియలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

6. ఉపమానాలు విడిగా దిద్దండి

పాత్రల మాటలు సరిచూసుకున్నా, కథ చెప్పే గొంతు దగ్గర ఏమరుపాటు వస్తుంది. 13వ శతాబ్దపు గుర్రం “బుల్లెట్‌లా” దూసుకుపోతుంది, ఎవరి గుండో “రైలింజన్‌లా” కొట్టుకుంటుంది. “లా”, “లాగా”, “వంటి” ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. పోల్చిన వస్తువు ఆ ఏడాదికి ఉందో లేదో చూసి, లేకపోతే పోలికే తీసేసి గుర్రం పరుగెత్తిందని రాయండి.