అటక మీంచి దింపిన కర్ర కెమెరా: పెట్టె ఎవరిది, లెన్స్ ఏమిటి? (సమస్య - పరిష్కారం)

తిరుపతి, చిత్తూరు వైపు పాత స్టూడియోలు మూతపడ్డాక వాటి కర్ర కెమెరాలు అటకల మీదికి చేరాయి. దింపి దుమ్ము దులిపాక అందరూ అడిగేది ఒకటే: "ఇది ఏ కంపెనీదండీ?" దీనికి ఒక్క ముక్కలో జవాబు ఉండదు. పెట్టె ఒకరు చేస్తారు, షట్టర్ ఇంకొకరు, లెన్స్ మరొకరు. పైగా ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన కెమెరాకు లెన్స్ మార్చకుండా ఉన్నారంటే నమ్మడం కష్టం. అందుకే పేర్లకన్నా కొలతల్ని నమ్మండి.

ఒకే కెమెరా మీద మూడు పేర్లు

లెన్స్‌ను అంటిపెట్టుకుని చిన్న చెక్క డబ్బా, అందులో చుట్టుకునే నల్లగుడ్డ తెర, లాగడానికి దారం ఉన్నాయా? అది రోలర్ బ్లైండ్ షట్టర్. దానిమీద తరచుగా కనిపించే పేరు థార్న్‌టన్ పికార్డ్, ఇంగ్లండులోని ఆల్ట్రిన్‌చమ్ కంపెనీ. వాళ్లు కెమెరాలూ చేశారు, షట్టర్లు విడిగానూ అమ్మారు. కాబట్టి ఆ పేరు చూసి పెట్టె కూడా వాళ్లదే అనేసుకోవద్దు. మద్రాసు అడ్రసు ఉన్న బిళ్ల అయితే చాలావరకు అమ్మిన షాపుది.

షట్టర్, లెన్స్, పెట్టె మీది పేర్లు వేర్వేరుగా రాసుకోండి. ముందు భాగానికి రెండు పక్కలా పొడవాటి గాడులున్న ఇత్తడి పట్టీలుంటే అది ముందు భాగాన్ని జరిపి, వంచి బిగించే శాండర్సన్ పద్ధతి, 1895 పేటెంటు. మన దక్షిణాదిలో, కేరళలోని ఆలెప్పీలో (అలప్పుళ) తయారైన వాగీశ్వరి పెట్టెలూ దొరుకుతాయి. ఫారిన్ కాదని వాటిని చిన్నచూపు చూడకండి.

"ఇది ఎర్రచందనం సార్!"

శేషాచలం కింద ఉన్నాం కదా, ఎర్రగా కనిపించిన ప్రతి కర్రా మనకు ఎర్రచందనమే. ఇంగ్లీషు ఫీల్డ్ కెమెరాలు ఎక్కువగా మహాగని. వేడి దేశాల కోసం చేసిన కొన్ని టేకువి, మూలలకు ఇత్తడి పట్టీలు బిగించి ఉంటాయి. ఎర్రచందనం అని చెప్పి రేటు పెంచితే అక్కడే లేచి వచ్చేయండి.

పేరే లేదు

వెనకున్న గరుకు అద్దాన్ని అంగుళాల్లో కొలవండి. సుమారు 4¾ × 6½ ఉంటే హాఫ్ ప్లేట్, 6½ × 8½ ఫుల్ ప్లేట్, 3¼ × 4¼ క్వార్టర్ ప్లేట్. ఇవి ఫోటో పడే గాజు పలకలకు బ్రిటిష్ కొలతలు. ఇప్పటి 4 × 5 ఫిల్మ్ హోల్డర్ వీటిలో కూర్చోదు, అది కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

లెన్స్ మీద అక్షరాలు చెరిగిపోయాయి

ప్రతి ఆయుధపూజకీ ఇత్తడిని చింతపండుతో తోమితే చెక్కిన అక్షరాల్లోని నల్లరంగు పోతుంది. అక్షరం మాత్రం సాధారణంగా మిగులుతుంది. గొట్టం మీద కొంచెం టాల్కం పౌడర్ రుద్ది మెత్తటి గుడ్డతో తుడవండి, గాడుల్లో పౌడర్ నిలిచి పేరు బయటపడుతుంది. లెన్స్ గాజు మీద పడనివ్వకండి.

అప్పటికీ ఏమీ కనిపించకపోతే గాజునే అడగాలి. గది చీకటి చేసి, లెన్స్ ముందు చిన్న టార్చి పట్టుకుని లోపలి ప్రతిబింబాలు లెక్కపెట్టండి. గాలి తగిలే ప్రతి గాజు ముఖం ఒక మెరిసే చుక్క ఇస్తుంది. రెండు గాజులు అతికించిన చోట చుక్క మసకగా, దాదాపు కనపడీ కనపడనట్టు ఉంటుంది. టార్చి కదిపితే కొన్ని చుక్కలు దానితో పాటు, కొన్ని ఎదురుగా కదులుతాయి. అప్పుడే లెక్క తప్పదు. ముందు భాగం, వెనక భాగం మరలు విప్పి విడివిడిగా చూడండి.

రెండు వైపులా రెండేసి మెరుపులు, ఒక్కో మసక చుక్క: రాపిడ్ రెక్టిలీనియర్. 1866లో డాల్‌మేయర్ తెచ్చిన రకం, తర్వాత అందరూ చేశారు. రెండు వైపులా రెండేసి మెరుపులు, రెండేసి మసకలు: గోర్జ్ డాగోర్ తరహా. ముందు నాలుగు మెరుపులు, వెనక రెండు మెరుపులు ఒక మసక: 1902 నాటి జైస్ టెస్సార్ తరహా. ముందు రెండు మెరుపులు ఒక మసక, వెనక నాలుగు మెరుపులు: పెట్జ్‌వాల్, పోర్ట్రెయిట్ లెన్స్. దీని వెనక గాజులు విప్పితే ఏది ఎటు తిరిగి ఉందో ముందే గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే బొమ్మ చెడుతుంది.

మెరుపులు నీలంగా, ఊదాగా ఉంటే గాజుకు కోటింగ్ (పలుచని పూత) ఉన్నట్టే. అలాంటి లెన్స్ సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది.

పెద్ద రంధ్రంలో ఫోటో నల్లగా, చిన్న రంధ్రంలో తెల్లగా వస్తోంది

లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు చెప్పే అంకెలు 4, 8, 16, 32, 64 అని ఉన్నాయా? అవి ఎఫ్ నంబర్లు (ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేవి) కాకపోవచ్చు. 1881 నాటి యూనిఫామ్ సిస్టమ్ అనే పాత అంకెల పద్ధతిలో 4 అంటే ఎఫ్ 8, 8 అంటే ఎఫ్ 11, 32 అంటే ఎఫ్ 22, 64 అంటే ఎఫ్ 32. రెండింటిలోనూ కలిసేది 16 ఒక్కటే.

అనుమానం తీరాలంటే మేడెక్కి తిరుమల కొండను ఫోకస్ చేయండి. గరుకు అద్దం మీద కొండ తలకిందులుగా, స్పష్టంగా నిలిచాక రంధ్రం దగ్గర్నుంచి అద్దం దాకా కొలిస్తే ఫోకల్ లెంగ్త్ దాదాపు తెలుస్తుంది. హాఫ్ ప్లేట్‌కు సుమారు 8 అంగుళాలు మామూలు. రంధ్రం పూర్తిగా తెరిచి, ముందు నుంచి కనిపించే వెడల్పుతో ఫోకల్ లెంగ్త్‌ను భాగించండి. 8 అంగుళాలకు 1 అంగుళం వస్తే ఎఫ్ 8. అక్కడ లెన్స్ మీద 4 అని ఉంటే అది యూనిఫామ్ సిస్టమే.

అంకెలే లేక, గొట్టానికి చీలిక మాత్రమే ఉంటే అది వాటర్‌హౌస్ స్టాప్‌ల (రంధ్రం ఉన్న, దూర్చి తీసే పలకల) కోసం. పలకలు పోయినా ఫర్వాలేదు, నల్ల అట్టతో కత్తిరించుకోవచ్చు.

గాజు అంచున పసుపు, ఇంద్రధనుస్సు రంగులు

అతుకు వదులుతోంది. ఇంట్లో వేడి చేసి ఊడదీయకండి. మధ్యలో శుభ్రంగా ఉంటే రంధ్రం తగ్గించి వాడుకోవచ్చు. సాలెగూడులా ఉంటే అది ఫంగస్, నవంబరు వానల్లో తోలు సంచిలో మూసిపెట్టిన ఫలితం.

అన్నీ తళతళలాడుతున్నాయి, బొమ్మ మాత్రం పడటం లేదు

ప్లస్ గుర్తు తల ఉన్న మరలు, లెన్స్ స్థానంలో ఒట్టి అద్దం ముక్క ఉంటే అది షోకేసు కోసం చేసిన బొమ్మ కెమెరా. హాల్లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది, బేరం కూడా ఆ లెక్కనే ఆడండి.