బీపీ పడిపోకముందే షాక్‌ను పసిగట్టడం ఎలా?

చెడువార్త విని కూలబడిన మనిషిని చూసి షాక్ తిన్నాడంటాం కానీ, వైద్యులు ఆ మాటను వాడే అర్థం వేరు. అవయవాలకు కావలసినంత రక్తం, దానితోపాటు ఆక్సిజన్ అందని స్థితినే వారు షాక్ అంటారు. రక్తస్రావం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, ఎలర్జీ, గుండెపోటు వంటివి ఈ స్థితికి దారితీస్తాయి. దీన్ని గుర్తించడానికి చాలామంది బీపీ మిషన్‌నే నమ్ముకుంటారు. నా దృష్టిలో అది ప్రమాదకరమైన నమ్మకం, ఎందుకంటే శరీరం తన శక్తినంతా ధారపోసేది ఆ బీపీని నిలబెట్టడానికే.

మెడలోను, ఛాతీలోను ఉన్న పెద్ద ధమనుల గోడలు పీడనం తగ్గిన సంగతిని వెంటనే మెదడుకు చేరవేస్తాయి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే హార్మోన్లు విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చర్మానికీ పేగులకూ వెళ్లే సన్నని రక్తనాళాలు బిగుసుకుంటాయి, అలా మిగిలిన రక్తం గుండెకూ మెదడుకూ మళ్లుతుంది. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచడంతో మూత్రం తగ్గిపోతుంది. పెద్దవారిలో ఉండే సుమారు 5 లీటర్ల రక్తంలో 15 నుంచి 30 శాతం పోయినా, ఈ సర్దుబాటు పుణ్యమా అని పై బీపీ మామూలుగానే కనిపించవచ్చు. పిల్లల్లోను, దృఢమైన యువకుల్లోను ఈ సర్దుబాటు ఇంకా ఎక్కువసేపు నిలిచి, ఆపైన ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

అందుకే ముందు చర్మాన్ని చూడండి. పాలిపోయి, చల్లబడి, చెమటతో జిగటగా ఉన్న చర్మం మంచి సూచన కాదు. ముదురు రంగు చర్మమైతే పెదవుల లోపలి భాగంలోను, కింది కనురెప్ప లోపల, అరచేతుల్లోను పాలిపోవడం తెలుస్తుంది. తర్వాత మనిషి చేతిని గుండె ఎత్తున పట్టుకుని, వేలి గోరును 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి మామూలుగా 2 సెకన్లలో ఎరుపు తిరిగి వస్తుంది. 3 సెకన్లు దాటితే అనుమానించాలి. చలికి చేతులు చల్లబడి ఉంటే ఈ పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి, అప్పుడు రొమ్ము ఎముక మీద నొక్కి చూడండి. నాడినీ శ్వాసనూ గడియారం పెట్టుకుని లెక్కించి, సమయంతో సహా రాసుకోండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం పెరగకపోవచ్చన్నది మరచిపోకూడదు. అకారణమైన ఆందోళన, మాట తడబడటం, మగత కూడా మెదడుకు రక్తం చాలడం లేదని చెప్పే గుర్తులే.

చేతిలో బీపీ మిషన్ ఉంటే రెండు అంకెల మధ్య తేడాను గమనించండి. 120/80లో ఆ తేడా 40. అదే మనిషికి కాసేపటి తర్వాత 118/96 వచ్చిందనుకోండి. పై అంకె దాదాపు అలాగే ఉంది కానీ తేడా 22కు తగ్గింది, అంటే రక్తనాళాలు బిగుసుకుని పీడనాన్ని నిలబెడుతున్నాయన్నమాట. ఆ సమయంలో నాడి 124 ఉంటే, గుండె వేగం పై బీపీని దాటిపోయినట్టు. అది ఆగి చూడవలసిన స్థితి కాదు.

భయపడినప్పుడూ ఇవే హార్మోన్లు విడుదలై, ఇలాగే గుండె దడ, చెమటలు వస్తాయి. ధైర్యం చెప్పి పడుకోబెడితే భయం వల్ల వచ్చినవి చాలావరకు క్రమంగా తగ్గుముఖం పడతాయి, షాక్‌లో మాత్రం 5 నిమిషాలకొకసారి తీసుకునే కొలతలు దిగజారుతూ పోతాయి. తేల్చుకోలేకపోతే షాక్ అనే అనుకోవడం మేలు.

ఇన్‌ఫ్లమేషన్, అంటే గాయానికీ ఇన్‌ఫెక్షన్‌కూ శరీరం చూపే వాపు ప్రతిస్పందన, దానివల్ల వచ్చే షాక్ తీరు వేరు. వేలు తెగినచోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి కనిపిస్తాయి. అక్కడి రక్తనాళాలు వ్యాకోచించి, వాటి గోడలు నీటినీ తెల్ల రక్తకణాలనూ బయటకు వదలడం వల్లే ఇదంతా జరుగుతుంది, గాయానికి అది మేలే చేస్తుంది. ఇన్‌ఫెక్షన్ ముదిరి శరీరమంతా అతిగా స్పందించే సెప్సిస్‌లోను, తీవ్రమైన ఎలర్జీలోను అదే పని ఒళ్లంతా జరిగి, రక్తం కారకుండానే నాళాలు వెలితి పడతాయి. కాబట్టి మొదట్లో చర్మం వెచ్చగా, ఎర్రగా ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషి శ్వాస నిమిషానికి 22కు చేరినా, మాట పొంతన తప్పినా ఒళ్లు వెచ్చగానే ఉంది కదా అని ఊరుకోకండి.

అనుమానం కలగగానే అంబులెన్స్‌ను పిలిపించి, రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకూ వెన్నెముకకూ దెబ్బ తగలలేదనిపిస్తే కాళ్లను కాస్త ఎత్తున ఉంచండి. ఆయాసపడుతున్నవారిని, గుండెజబ్బు అనుమానం ఉన్నవారిని వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టాలి, నెలలు నిండుతున్న గర్భిణిని ఎడమ పక్కకు తిప్పాలి. స్పృహ లేకున్నా శ్వాస తీసుకుంటున్నవారిని, వాంతి చేసుకుంటున్నవారిని ఒక పక్కకు తిప్పి ఉంచండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది కనుక దుప్పటి కప్పండి. నీళ్లు తాగించవద్దు. వాంతయితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, ఆపరేషన్ అవసరమైతే మత్తుమందు ఇవ్వడమూ కష్టమవుతుంది.

ఎలర్జీ షాక్‌లో అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ దగ్గర ఉంటే తొడ బయటి వైపు వెంటనే వేయాలి. ఆ తర్వాత తేరుకున్నట్టు కనిపించినా లేచి నిలబడనివ్వకండి, అలా ఉన్నపళంగా లేచిన కొందరి గుండె ఆగిపోయింది. అంబులెన్స్ రాగానే, రాసుకున్న నాడి, శ్వాస లెక్కలను వేళలతో సహా వచ్చినవారి చేతికి ఇవ్వండి.