పాత ఎలక్ట్రిక్ గిటార్ ధరను నేటి ధరతో ఎలా పోల్చాలి?

విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్ గిటార్ కొనబోయేవారికి తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "ఒకప్పుడు అసలైన ఫెండర్ ఇరవై వేలకే వచ్చేది, ఇప్పుడు ధరలు మండిపోతున్నాయి." పిల్లల కోసం మొదటి గిటార్ చూస్తున్న తల్లిదండ్రులు ఈ మాట నమ్మి, తుప్పు పట్టిన పాత వాయిద్యానికి అడిగినంత ఇచ్చి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. పోలిక చేయడానికి కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక క్యాలిక్యులేటర్ మాత్రమే. లెక్క కాగితం మీదే వేయాలి. ఫోనులో వేస్తే మధ్యలో జరిగిన పొరపాటు కంటికి కనబడదు.

మొదట గిటార్ ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి. ఇందుకు సీరియల్ నంబరు చూస్తే చాలావరకు సరిపోతుంది. నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవైన భాగం) విప్పితే దాని అడుగున తేదీ ఉండవచ్చు గానీ, అది నెక్ తేదీ మాత్రమే. ఆ తర్వాత ఆ ఏటి కేటలాగ్ ధర రాసుకోవాలి. ఉదాహరణకు 1954లో ట్రెమొలో (స్వరాన్ని ఊగించే మీట) ఉన్న స్ట్రాటోకాస్టర్, అంటే అమెరికా సంస్థ ఫెండర్ చేసిన ఎలక్ట్రిక్ గిటార్, ధర 249.50 డాలర్లు, ట్రెమొలో లేనిదాని ధర 229.50 డాలర్లు. కేసుకు వేరుగా చెల్లించాలి కనుక దానిని లెక్కలో కలపరాదు.

అందరూ తప్పు చేసేది దీని తర్వాతి మెట్టులోనే. 249.50 డాలర్లను 2024 నాటి మారకపు రేటుతో, అంటే డాలరుకు 84 రూపాయల చొప్పున గుణిస్తే సుమారు 21 వేల రూపాయలు వస్తుంది. పైన చెప్పిన "ఇరవై వేలు" పుట్టింది ఇక్కడే. ఇందులో డాలరు 1954 నాటిది, రూపాయి 2024 నాటిది. ఈ రెండూ ఒకే కాలంలో ఎన్నడూ కలిసి చెలామణిలో లేవు కనుక వచ్చిన అంకెకు అర్థమే లేదు. మరికొందరు ఆనాటి రేటైన 4.76తో గుణించి "పన్నెండు వందల లోపే" అంటారు. ఆ అంకె నిజమైనదే కానీ, ఆనాటి పన్నెండు వందల రూపాయలు ఎంత పెద్ద మొత్తమో చెప్పనంతవరకు అది కూడా తప్పుదారి పట్టిస్తుంది.

సరైన పద్ధతిలో ముందుగా డాలరును డాలరు దేశంలోనే ఈ కాలానికి తీసుకురావాలి, రూపాయిల్లోకి మార్చడం ఆ తర్వాతి పని. అమెరికా వినియోగదారుల ధరల సూచీ (సాధారణ ఖర్చులు ఏటేటా ఎంత పెరిగాయో చూపే అంకె) 1954లో సగటున 26.9, 2024లో 313.7. రెండోదానిని మొదటిదానితో భాగిస్తే 11.66 వస్తుంది, దానితో 249.50ని గుణిస్తే దాదాపు 2,910 డాలర్లు. ఇప్పుడు 84తో గుణించండి: సుమారు 2 లక్షల 44 వేల రూపాయలు. 1954లో ఒక స్ట్రాటోకాస్టర్ కొన్నవాడు 2024 లెక్కలో అంత ఖర్చు పెట్టాడన్నమాట. ఈ రెండు మెట్లలో మొదటిదాన్ని వదిలేస్తే ఫలితం పదిరెట్లకు పైగా తగ్గిపోతుంది కనుక, ప్రతి అంకె పక్కన అది ఏ ఏటి డాలరో, ఏ ఏటి రూపాయో తప్పకుండా రాసుకోవాలి.

కొందరు బంగారం ధరతో పోలుస్తారు. అది సరైన కొలత కాదు; బంగారం ధర దాని కారణాలతో అది పెరుగుతుంది. సూచీ మీద నమ్మకం లేనివారు కూలితో సరిచూసుకోవచ్చు. 1954లో అమెరికా సమాఖ్య కనీస వేతనం గంటకు 75 సెంట్లు కాబట్టి ఆ గిటార్‌కు 330 గంటలకు పైగా పని చేయాలి. 2024లో కనీస వేతనం 7.25 డాలర్లు, అమెరికాలో తయారైన అమెరికన్ ప్రొఫెషనల్ స్ట్రాటోకాస్టర్ దాదాపు 1,700 డాలర్లు. అంటే 235 గంటల లోపే. రెండు దారుల్లోనూ తేలేది ఒక్కటే: మంచి గిటార్ చవకైంది.

పోల్చేటప్పుడు జతను సరిగా ఎంచుకోవాలి. 1954 నాటి గిటార్‌కు నేటి జత అమెరికాలో తయారైనదే గాని, ఫెండర్ వారి చవక బ్రాండు స్క్వయర్ కాదు. స్క్వయర్ గిటార్లు 1982లో జపాన్‌లో మొదలై, తర్వాత చైనా, ఇండోనేషియాల్లోనూ తయారవుతున్నాయి. కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు రావడంతో చెక్కపని ఖర్చు బాగా తగ్గింది. నేడు అమెరికాలో 300 డాలర్లలోపు దొరికే స్క్వయర్‌ను వెనక్కి లెక్కిస్తే 1954 నాటి 26 డాలర్లవుతుంది. ఆ రోజుల్లో ఒక్క ట్రెమొలో కోసమే 20 డాలర్లు అదనంగా ఇచ్చేవారు. 1958 నుంచి 1960 వరకు తయారైన గిబ్సన్ సంస్థ సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్ నేడు లక్షల డాలర్లు పలకడాన్ని ఈ పట్టికలో చేర్చరాదు. అది సేకరించేవారు అరుదైన వస్తువుకు చెల్లించే ధర.

చివరగా మన ఊరి సంగతి. ఓడల్లో పనిచేసి వచ్చినవారి ఇళ్లలో జపాన్‌లో కొన్న గిటార్లు ఉంటాయి. బిల్లు యెన్‌లలో ఉంటే జపాన్ సూచీతోనే ముందుకు తెచ్చి, ఆ తర్వాతే రూపాయిల్లోకి మార్చాలి. 1991కి ముందు ఇక్కడే కొన్న విదేశీ గిటార్ అయితే, బిల్లులో అప్పటి భారీ దిగుమతి సుంకం కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇలా తేలిన మొత్తాన్ని కూడా బేరానికి ముందు మరోసారి తగ్గించాలి: బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఏళ్ల తరబడి ఉన్న గిటార్ల బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు భాగం) స్క్రూలు ఉప్పుగాలికి బిగుసుకుపోతాయి. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో స్క్రూను తిప్పి చూడండి. తిరగకపోతే కొత్త బ్రిడ్జి ఖరీదు, అమర్చే కూలి తీసేసి మిగిలినదే చెప్పండి.